సుప్రీంకోర్టు తీర్పులు, మున్సిఫ్ కోర్టు వాయిదాలు: మీడియా చట్టంపై నా పీహెచ్‌డీ

మీడియా చట్టం మీద పీహెచ్‌డీ చేస్తానంటే లా డిపార్ట్‌మెంట్‌లో "అది జర్నలిజం వాళ్ళ సబ్జెక్టు కదమ్మా" అన్నారు. జర్నలిజం డిపార్ట్‌మెంట్‌కి వెళ్తే "అది లా వాళ్ళది" అన్నారు. మన యూనివర్సిటీల్లో ఈ సబ్జెక్టు రెండిళ్ళ చుట్టం లాంటిది. ఎల్‌ఎల్‌బీలో ఆప్షనల్ పేపరు, జర్నలిజంలో ఒక సెమిస్టర్ పేపరు. లా చెప్పేవాళ్ళలో ఎక్కువమంది న్యూస్‌రూమ్ గడప తొక్కినవాళ్ళు కారు. జర్నలిజం చెప్పేవాళ్ళు సెక్షన్ల నంబర్లు బట్టీ పట్టించి వదిలేస్తారు. హైదరాబాద్‌లో నల్సార్ దూరవిద్యలో మీడియా చట్టాల మీద పీజీ డిప్లొమా పెట్టాక ఉద్యోగం చేసుకుంటున్న విలేకరులు కొందరు ఈ వైపు తిరిగారు. నేను ఎల్‌ఎల్‌బీ, ఎల్‌ఎల్‌ఎం చేసి, అధ్యాపక అర్హత పరీక్ష నెట్ రాసి, నేరుగా లా శాఖలోనే చేరాను. ఎల్‌ఎల్‌ఎంలో 55 శాతం మార్కులుంటే లా శాఖ అర్హత లేదనడానికి వీల్లేదు, అందుకని.

దానికి ముందు నేనొక తెలుగు దినపత్రిక నల్లగొండ జిల్లా డెస్క్‌లో సబ్‌ఎడిటర్ని. మండలాల నుంచి కంట్రిబ్యూటర్లు పంపే వార్తలు దిద్దడం, హెడ్డింగు పెట్టడం, పేజీలోకి ఎక్కించడం నా పని. వార్త మీద లాయరు నోటీసు వస్తే దాని జిరాక్సు కాపీ డెస్క్‌కి వచ్చేది. ఎవరు పంపారు, ఎవరు దిద్దారు, ఆధారం ఏమిటి అని వివరణ రాసివ్వాలి. ఎడిటర్‌కీ, పబ్లిషర్‌కీ సంస్థ లాయరు ఉంటాడు. ఇక వార్త రాసిన కంట్రిబ్యూటర్ సంగతి? అతను సంస్థ ఉద్యోగి కాదు. అచ్చయిన వార్తను కొలిచి లైన్ అకౌంట్ కింద ఇంత అని ఇస్తారు. అసలు రాబడి ప్రకటనల కమీషన్ మీద. 2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్‌లు వచ్చేదాకా అమల్లో ఉన్న 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం ప్రకారం ఎవరి ప్రధాన వృత్తి జర్నలిజమో వాళ్ళే వర్కింగ్ జర్నలిస్టులు. అందుకే "నా ప్రధాన జీవనాధారం వేరే ఉంది" అని కంట్రిబ్యూటర్ చేత కాగితం రాయించుకోవడం చాలా చోట్ల రివాజు. పేజీ మీద పేరుండదు, సంస్థలో లెక్కుండదు, సమన్లలో మాత్రం ఏ3 గానో ఏ4 గానో, అంటే మూడో నాలుగో ముద్దాయిగా, తప్పకుండా ఉంటాడు.

ఇదంతా తెలిసి కూడా నేను రాసిన మొదటి సినాప్సిస్‌లో, అంటే పరిశోధన ప్రతిపాదనలో, ఇందులో ఒక్క మాట లేదు. 'భారతదేశంలో పత్రికా స్వేచ్ఛ: సుప్రీంకోర్టు తీర్పుల పరిశీలన' అన్న ధోరణిలో, ఎవరైనా రాయగలిగిన సినాప్సిస్ అది. మా గైడ్ మేడమ్ అంతా చదివి, మంచిదనీ చెడ్డదనీ అనకుండా, "ఈ కేసులన్నిట్లో పిటిషనర్ ఎవరో ఒక తెల్లకాగితం మీద రాసుకురా" అన్నారు.

రాశాను. 1958లో ఎక్స్‌ప్రెస్ న్యూస్‌పేపర్స్. కొట్లాట వేతన బోర్డు మీద. చట్టం చెల్లుతుందని కోర్టు చెప్పింది కానీ, యాజమాన్యాల చెల్లింపు శక్తిని లెక్కలోకి తీసుకోలేదని బోర్డు నిర్ణయాన్ని కొట్టేసింది. తర్వాత సకాల్ పేపర్స్, ఎన్ని పేజీలకు ఎంత ధర పెట్టాలో ప్రభుత్వం నిర్ణయించడం మీద. 1972లో బెన్నెట్ కోల్‌మన్, న్యూస్‌ప్రింట్ కోటా, పది పేజీల పరిమితి మీద. 1984 డిసెంబరులో ఇండియన్ ఎక్స్‌ప్రెస్, న్యూస్‌ప్రింట్ దిగుమతి సుంకం మీద. జీతాలు, పేజీలు, కాగితం, పన్ను. రాజ్యాంగంలో భావప్రకటన స్వేచ్ఛనిచ్చే అధికరణం 19(1)(ఎ) కింద పత్రికా స్వేచ్ఛ గురించి మనం క్లాసులో గొప్పగా చెప్పుకునే వాక్యాలు చాలావరకు యజమానులు వేసిన పిటిషన్లలో పుట్టినవే. ఆ తీర్పులు తప్పని నేననను. ప్రభుత్వం కాగితం ఆపి పత్రిక గొంతు నొక్కగలదని వాటివల్లే అర్థమైంది. కానీ అక్షరం రాసినందుకు కోర్టు మెట్లెక్కినవాడు ఆ జాబితాలో అరుదు. మేడమ్ కాగితం చూసి "ఇప్పుడు నీకు టాపిక్ దొరికింది" అన్నారు.

ఆ అరుదైనవాటిని ముందు చదివాను. 1950 నాటి రమేశ్ థాపర్ కేసు అందరికీ తెలిసినదే. బొంబాయిలో అచ్చయ్యే 'క్రాస్ రోడ్స్' వారపత్రికను మద్రాసు రాష్ట్రంలోకి రానివ్వకుండా అక్కడి ప్రభుత్వం నిషేధించింది. అప్పటికి కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోవే కాబట్టి ఆ నిషేధం మనవాళ్ళ చేతికి ఏ పత్రిక అందాలి అన్నదాని మీద కూడా. అచ్చువేసే స్వేచ్ఛ ఉండి పంచే స్వేచ్ఛ లేకపోతే ఆ అచ్చుకి విలువ లేదని కోర్టు తేల్చింది. ప్రభుత్వం ఏడాది తిరిగేసరికి, 1951 జూన్‌లో, మొదటి రాజ్యాంగ సవరణ తెచ్చి ఆ స్వేచ్ఛ మీద ఆంక్షలు చెప్పే 19(2)లో 'పబ్లిక్ ఆర్డర్'ని చేర్చింది. అదే సవరణలో ఆంక్షలు 'సహేతుకం'గా ఉండాలన్న మాట కూడా వచ్చింది. ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో కొంత వెనక్కిచ్చిన సవరణ అది. సెమినార్లలో మొదటి సగమే చెప్తారు.

నన్ను ఎక్కువ రోజులు పట్టుకున్నది సర్చ్‌లైట్ కేసు. బిహార్ శాసనసభ రికార్డుల నుంచి తొలగించిన మాటలను పట్నాలోని 'సర్చ్‌లైట్' అచ్చువేసింది. ఎడిటర్ శర్మ మీద సభా హక్కుల ఉల్లంఘన తీర్మానం. 1958 డిసెంబరులో సుప్రీంకోర్టు నలుగురు జడ్జీల మెజారిటీతో సభా హక్కులదే పైచేయి అంది. ఒక్క న్యాయమూర్తి కాదన్నారు. రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు. శాసనసభల హక్కులు పౌరుడి భావప్రకటన స్వేచ్ఛకు లోబడి ఉండాలన్నది ఆయన అసమ్మతి తీర్పు సారం. ఆ తీర్పు చదివాక మన 'పెద్దల సభలో గలభా' కథ వేరేగా కనిపించింది. 1983లో ఆ హెడ్డింగు పెట్టినందుకు ఆంధ్రప్రదేశ్ శాసన మండలి 'ఈనాడు' ఎడిటర్ రామోజీరావు మీద హక్కుల ఉల్లంఘన చర్య మొదలుపెట్టింది. 1984లో అరెస్టు దాకా వెళ్ళి, సుప్రీంకోర్టు జోక్యంతో ఆగింది. 1985లో మండలే రద్దయిపోయింది. అసలు ప్రశ్న మాత్రం తేలకుండా మిగిలింది. ఏవి సభా హక్కులో క్రోడీకరిస్తూ ఈనాటికీ చట్టం లేదు. హెడ్డింగులు పెట్టే ఉద్యోగం చేసినదాన్ని కాబట్టి ఇది నాకు పుస్తకంలో విషయంగా అనిపించలేదు. 'గలభా' మంచి హెడ్డింగ్ మాట. నేనైనా పెట్టేదాన్ని.

ఇంకొకటి 1994 నాటి ఆటో శంకర్ కేసు, మరణశిక్ష పడిన ఖైదీ ఆత్మకథ అచ్చు మీద. తమిళ పత్రిక 'నక్కీరన్' ఎడిటర్ రాజగోపాల్ వేసిన పిటిషన్‌లో తెలంగాణవాడైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి తీర్పు రాశారు. అధికారులు తమ అధికార విధులకు సంబంధించిన రాతల మీద నష్టపరిహారం కోరాలంటే ఆ రాత అబద్ధమనీ, నిజానిజాలు పట్టించుకోకుండా రాశారనీ చూపించాలి. అచ్చుకి ముందే ఆపే అధికారం ప్రభుత్వానికి లేదు. చదివి సంబరపడ్డాను. కానీ అది సివిల్ దావాల సంగతి. మండలంలో ఎవరూ కంట్రిబ్యూటర్ మీద సివిల్ దావా వెయ్యరు. కోర్టు ఫీజు కట్టాలి మరి. క్రిమినల్ కంప్లయింటే వేస్తారు. క్రిమినల్ పరువునష్టం రాజ్యాంగబద్ధమేనని 2016లో సుప్రీంకోర్టు చెప్పేసింది కూడా.

ఆర్కైవ్స్ పని గురించి ఎక్కువ చెప్పను, థీసిస్‌లో అది ఒక అధ్యాయమే. కానీ ఆ నెలలే నాకు ఇష్టమైనవి. తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. బెజవాడ 'స్వరాజ్య'లో రాతలకు 1908లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు మీద రాజద్రోహం కేసు పెట్టారు. మొదట పడిన ఆరు నెలల శిక్ష చాలదని ప్రభుత్వమే పైకోర్టుకెళ్ళి మూడేళ్ళు చేయించింది. నిజాం రాజ్యంలో పరిస్థితి ఇంకో రకం. సభ పెట్టుకోవాలన్నా ముందు అనుమతి కావాలనే గస్తీ నిషాన్ 53 ఉన్న రోజుల్లో, 1926లో సురవరం ప్రతాపరెడ్డి 'గోలకొండ పత్రిక' పెట్టారు. 1948 ఆగస్టులో 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక ఎడిటర్ షోయబుల్లా ఖాన్‌ని హైదరాబాద్ వీధిలో రజాకార్లు చంపారు. చెయ్యి నరికారు. ఇండియన్ యూనియన్‌లో చేరాలని రాసినందుకు. నాకు ఉర్దూ రాదు. ఒక రిటైర్డ్ ఉర్దూ మాస్టారు పక్కన కూర్చుని చదివి చెప్పారు. మధ్యమధ్యలో ఆగి, "అమ్మా, ఈ వాక్యం బాగుంది, ఇంకోసారి వినండి" అని మళ్ళీ చదివేవారు.

అసలు కష్టం కోర్టుల దగ్గర మొదలైంది. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో చట్టం, సెక్షన్ పెట్టి వెతకొచ్చు. ఐపీసీ (అప్పటి భారత శిక్షాస్మృతి) 500 అని కొడితే పరువునష్టం కేసులన్నీ వస్తాయి. అందులో మొగుడూపెళ్ళాల తగాదాలు, కుల సంఘాల ఎన్నికలు, కాలనీ అసోసియేషన్ గొడవలు అన్నీ ఉంటాయి. ముద్దాయి విలేకరా కాదా అన్నది ఫైలు తెరిస్తే తప్ప తెలియదు. అంతకన్నా పెద్ద చిక్కేమిటంటే, విలేకరుల మీద కేసుల్లో చాలావాటికి 500 ఉండనే ఉండదు. పరువునష్టం నాన్ కాగ్నిజబుల్, పోలీసు స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ కాదు. అందుకని విలేకరి రేషన్ షాపు ఫొటో తీస్తే 448, అక్రమ ప్రవేశం. తహసీల్దారు ఆఫీసులో గట్టిగా ప్రశ్నిస్తే 353, విధులకు ఆటంకం. ఇసుక లారీల గురించి రాస్తే 384, బెదిరించి డబ్బు అడిగాడని. తోడుగా 506, బెదిరింపు, ఎలాగూ ఉంటుంది. కాగితం మీద అది పత్రికా స్వేచ్ఛ కేసులాగే కనబడదు. దొంగ విలేకరులు లేరా అంటే ఉన్నారు, బాగానే ఉన్నారు. 384 కొన్నిచోట్ల నిజమే కూడా. ఏది నిజం, ఏది కక్ష అన్నది ఎఫ్ఐఆర్ చదివితే తేలదు. నా పద్ధతుల అధ్యాయంలో అందరికంటే ఎక్కువ నన్ను నిద్రపోనివ్వనిది ఇదే.

పోలీసు శాఖకు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టాను, విలేకరుల మీద ఎన్ని కేసులున్నాయని. "కోరిన విధంగా వర్గీకరించిన సమాచారం ఈ కార్యాలయంలో లేదు" అని జవాబు. మొదటి అప్పీలు వేస్తే అదే వాక్యం, కింద ఇంకో సంతకం. విసుక్కోవాల్సిన పనిలేదు, అది నిజమే. ముద్దాయి వృత్తిని బట్టి ఎవరూ లెక్క పెట్టరు. దాంతో ప్రెస్ క్లబ్బుల దగ్గరికి, యూనియన్ నాయకుల దగ్గరికి, మా పాత కంట్రిబ్యూటర్ల దగ్గరికి వెళ్ళి, వాళ్ళ ద్వారా సీసీ నంబర్లు, అంటే కోర్టు కేసు నంబర్లు, సేకరించి, ఆయా మేజిస్ట్రేట్ కోర్టులకు వెళ్ళి ఫైళ్ళు చూడటం మొదలుపెట్టాను. ఊళ్ళలో వాటిని ఇప్పటికీ మున్సిఫ్ కోర్టులనే అంటారు.

బెంచ్ క్లర్కులు మొదట అనుమానంగా చూస్తారు. "ఏ కేసు మేడమ్, మీరు ఎవరి తరఫు?" ఎవరి తరఫూ కాదంటే ఇంకా అనుమానం. రీసెర్చ్ అంటే "మావోడు కూడా బీటెక్ చేసిండు, జాబు లేదు" అని ఒకాయన ఎదురు కష్టం చెప్పుకున్నాడు. సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టి, స్టాంపులు అంటించి, కాపీయిస్టు కోసం కూర్చోవాలి. పార్టీ కానివాళ్ళు కాపీ కోరితే కారణం చూపించాలి. యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద గైడ్ సంతకంతో ఉత్తరం జత చేయడం అలవాటు చేసుకున్నాక పని సులువైంది. ఈ పని చేయబోయేవాళ్ళకి చెప్తున్నా, ఆ ఉత్తరాలు ముందే ఓ కట్ట తీసుకుని ఉంచుకోండి.

ఫైలు చదవడం కన్నా కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చోవడం ఎక్కువ నేర్పింది. పరువునష్టం ప్రైవేటు కంప్లయింటు ఎలా నడుస్తుందో పుస్తకంలో ఒక పేరా. ఫిర్యాది ప్రమాణ వాంగ్మూలం, సమన్లు, ముద్దాయి హాజరు, సాక్ష్యం, తీర్పు. కోర్టులో అది ఏళ్ళు. ఫిర్యాది రాడు, వాయిదా. ఫిర్యాది లాయరు రాడు, వాయిదా. జడ్జి బదిలీ, వాయిదా. ముద్దాయి మాత్రం ప్రతిసారీ పిలుపుకి నిలబడాలి, లేకపోతే హాజరు మినహాయించమని 317 పిటిషన్ వేయించుకోవాలి. దానికి లాయరుకి ఇంత. ఒక్కసారి తప్పితే ఎన్‌బీడబ్ల్యూ (నాన్ బెయిలబుల్ వారెంట్), మళ్ళీ రీకాల్ పిటిషన్, దానికి ఇంత. పత్రిక పంచిన ప్రతి ఊళ్ళోనూ కేసు వెయ్యొచ్చు కాబట్టి ఒకే వార్తకి రెండు మూడు కోర్టులు తిరిగేవాళ్ళు కూడా ఉన్నారు. చివరికి నిజమే రాశానని రుజువు చేసినా సరిపోదు. అప్పటి ఐపీసీ సెక్షన్ 499లో మొదటి మినహాయింపు ప్రకారం అది నిజమై ఉండాలి, ప్రజా ప్రయోజనం కోసం రాసిందీ అయి ఉండాలి.

మిర్యాలగూడ వైపు ఒక సీనియర్ కంట్రిబ్యూటర్‌తో మాట్లాడాను. కేసు కొట్టేశారు, నిర్దోషి. తీర్పు కాపీ నాకిస్తూ, "గెలిచిన చెల్లె. గెలిచినంక గా మిల్లు గురించి మళ్ళ రాసిన్నా? రాయలే" అన్నాడు. ఎందుకన్నా అని అడిగితే, "వార్తకి వచ్చింది నూట యాభై. వాయిదాలకి పోయింది ఆటో కిరాయే దానికి ఎన్నింతలో నువ్వే లెక్కేసుకో. పైంగ ఇంట్ల మా మేడమ్ తిడతది" అన్నాడు. నా థీసిస్ వాదన మూడు వాక్యాల్లో చెప్పేశాడు. నాకు మూడు వందల పేజీలు పట్టింది.

ఇలాంటి సంభాషణలు రాసుకున్న నోటుబుక్కులతో ఇంకో భయం పట్టుకుంది. పేర్లు చెప్పనని మాటిచ్చాను. రేపు ఎవరైనా ఆ నోటుబుక్కు తెమ్మంటే? మన దేశంలో విలేకరి తన సోర్సు చెప్పనక్కర్లేదనే చట్టం లేదు. 1978 ప్రెస్ కౌన్సిల్ చట్టంలో 15(2) ఉంది కానీ అది కౌన్సిల్ ముందు మాత్రమే పనికొస్తుంది, కోర్టులో కాదు. లా కమిషన్ 1983లో తన 93వ నివేదికలో సాక్ష్యాధారాల చట్టానికి ఒక సెక్షన్ కలపమంది. ఎవరూ కలపలేదు. ఆ చట్టం స్థానంలో 2024లో వచ్చిన కొత్త సాక్ష్య అధినియంలో కూడా రాలేదు. విలేకరికే లేని రక్షణ విలేకరిని ఇంటర్వ్యూ చేసిన పరిశోధకురాలికి ఎక్కడినుంచి వస్తుంది? పేర్ల బదులు అక్షరాలు పెట్టాను, ఊళ్ళ పేర్లు మార్చాను, ఆ అక్షరాల జాబితా యూనివర్సిటీలో ఉంచలేదు. ఇక్కడ చెప్పిన మిర్యాలగూడ కూడా మిర్యాలగూడ కాదు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ సబ్జెక్టు మీద మాట్లాడితే రెండో ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "మీరు ఏ పార్టీ?" పత్రికలనీ చానళ్ళనీ పార్టీల లెక్కన పంచేసుకున్న చోట ఇది తప్పదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీడియా మీద కేసులు వేసేందుకు అధికారులకు అనుమతిస్తూ జీవో 938 తెచ్చినప్పుడు ఒక వర్గం కోపగించుకుంది. 2019 అక్టోబరు 30న అదే ధోరణిలో ఆంధ్రప్రదేశ్‌లో జీవో 2430 వచ్చినప్పుడూ దాదాపు అదే వర్గం. 2014లో తెలంగాణలో కేబుల్ ఆపరేటర్లు టీవీ9, ఏబీఎన్ ప్రసారాలు ఆపేస్తే ఇంకో వర్గానికి అది ఆత్మగౌరవ సమస్య అయింది, పత్రికా స్వేచ్ఛ సమస్య కాలేదు. 2021 మేలో ఆంధ్రప్రదేశ్‌లో రెండు చానళ్ళ మీద రాజద్రోహం కేసు పెడితే సుప్రీంకోర్టు వాటిపై కఠిన చర్యలు వద్దంటూ, రాజద్రోహానికి హద్దులు నిర్ణయించాల్సిన సమయం వచ్చిందంది. మరుసటి ఏడాది మే 11న రాజద్రోహం సెక్షన్ 124ఎని దేశమంతా పక్కన పెట్టించిన ఉత్తర్వుకు ముందు జరిగిన సంగతి ఇది. సెమినార్‌లో నేను ఈ నాలుగూ ఒకే స్లైడ్ మీద పెడతాను. భోజనాల దగ్గర ఇటువాళ్ళు వచ్చి "ఆ రెండోది తీసెయ్యాల్సింది" అంటారు, అటువాళ్ళు వచ్చి మూడోది తీసెయ్యమంటారు. స్లైడ్ అలాగే ఉంచాను.

ఆ సెమినార్లలో ప్రారంభోపన్యాసం ప్రతిసారీ రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ ఇచ్చే పత్రికా స్వేచ్ఛ ర్యాంకుతోనే మొదలవుతుంది. 180 దేశాల్లో మనం 2023లో 161, 2024లో 159, 2025లో 151. ఆ సూచీ పనికిరాదని కాదు. నేనూ మొదటి పేజీలో వాడాను. కానీ దేవరకొండ కోర్టులో మధ్యాహ్నం దాకా పిలుపు కోసం నిలబడ్డ మనిషి ఏ ర్యాంకులోనూ కనిపించడు.

రాయడం, సమర్పించడం సంగతి క్లుప్తంగా చెప్తాను. లా థీసిస్‌కి సిమిలారిటీ పరీక్ష, అంటే ఇతరుల రాతతో ఎంత పోలిందో చూసే పరీక్ష, పెద్ద తలనొప్పి. పది శాతం దాటకూడదు. సాఫ్ట్‌వేర్‌కి రాజ్యాంగం 19(2) పాఠం కూడా ఎవరో రాసిందే. సెక్షన్లన్నీ కొటేషన్ గుర్తుల్లో ఉన్నాయో లేదో కూర్చుని సరిచూడాలి. యూజీసీ 2016 నిబంధనల కింద థీసిస్ ఇచ్చేముందు ఒక జర్నల్ వ్యాసం తప్పనిసరి కాబట్టి డబ్బులు తీసుకుని వారంలో అచ్చేసే జర్నళ్ళ నుంచి రోజూ మెయిళ్ళు వచ్చేవి. నేను నానా తంటాలూ పడి యూజీసీ నమ్మదగినవని గుర్తించిన జర్నళ్ళ 'కేర్' జాబితాలో ఉన్న జర్నల్‌లో వేయించుకున్నాను. 2022 నవంబరులో కొత్త నిబంధనలు వచ్చి ఆ తప్పనిసరి పోయింది. 2025లో కేర్ జాబితా కూడా పోయింది. మా జూనియర్లు దీన్ని తాతలనాటి కథలా వింటారు.

నా థీసిస్ 2023 శరదృతువులో వెళ్ళింది. డిసెంబరులో పార్లమెంటు ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్యాల చట్టం మూడింటినీ మార్చేసింది. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు. వైవా ఆ తర్వాత పడింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ చిరునవ్వుతో, "మీ సెక్షన్లన్నీ పోయాయి కదా, ఇది ఇప్పుడు చరిత్ర థీసిసా?" అన్నారు. పరువునష్టం 499, 500 ఇప్పుడు కొత్త న్యాయ సంహితలో 356 అయ్యాయి, రెండేళ్ళ శిక్ష అలాగే ఉంది, సామాజిక సేవ అనే ప్రత్యామ్నాయం చేరింది; 124ఎ పేరు పోయి 152 వచ్చింది; నేను చెప్పింది సెక్షన్ల గురించి కాదు, వాయిదాల గురించి, వాయిదాలు ఏ పార్లమెంటూ రద్దు చేయలేదు అన్నాను. హాల్లో నవ్వారు. మా గైడ్ మేడమ్ మాత్రం నవ్వలేదు, తర్వాత ప్రశ్న ఏమిటన్నట్టు చూశారు.

ఉద్యోగాల దగ్గర మళ్ళీ పాత కథే. లా కాలేజీ ఇంటర్వ్యూలో "కాన్‌స్టిట్యూషన్, క్రిమినల్ లా చెప్పగలరా?" అని అడుగుతారు, మీడియా చట్టం గురించి అడగరు. జర్నలిజం పోస్టులకు నెట్ మాస్ కమ్యూనికేషన్‌లో ఉండాలి, నాది లాలో. గెస్ట్ ఫ్యాకల్టీకి యూజీసీ 2019లో చెప్పిన లెక్క క్లాసుకి 1,500, నెలకి 50,000 మించకుండా. ఆ కాగితంలో ఉన్న అంకెకీ చేతికొచ్చే అంకెకీ చుట్టరికం తక్కువ. ఇప్పుడు ఒక లా కాలేజీలో పనిచేస్తూ, వారానికో పూట జర్నలిజం పిల్లలకి చెప్తున్నాను. ఈ మీడియా చట్టం కోసమే పీహెచ్‌డీ చేద్దామని ఎవరైనా అడిగితే, ముందు నెట్ రెండు సబ్జెక్టుల్లోనూ రాసి రమ్మంటున్నాను. పీజీలు కూడా రెండూ ఉండాలి దానికి. ఖరీదైన సలహానే.

జర్నలిజం పిల్లలు ఇప్పుడు పత్రిక గురించి అడగడం లేదు. 2025 మార్చిలో హైదరాబాద్‌లో ఇద్దరు యూట్యూబ్ మహిళా జర్నలిస్టులను అరెస్టు చేసినప్పుడు క్లాసంతా ఒకటే ప్రశ్న: "మేడమ్, యూట్యూబర్ జర్నలిస్టేనా?" రాజ్యాంగం ప్రకారం ఆ ప్రశ్నే అక్కర్లేదని చెప్పాను. పత్రికలకంటూ వేరే హక్కు రాయనవసరం లేదు, ఎడిటర్ కూడా పౌరుడే అన్నది రాజ్యాంగ సభలో అంబేడ్కర్ వైఖరి. కాబట్టి 19(1)(ఎ) మైకు పట్టుకున్న ప్రతివాళ్ళదీ. అక్రిడిటేషన్ కార్డు బస్‌పాస్‌కి పనికొస్తుంది, ఆ హక్కుకి కాదు.

లా పిల్లలకి మాత్రం అసైన్‌మెంట్ ఇస్తున్నాను. దగ్గర్లోని మేజిస్ట్రేట్ కోర్టులో కాజ్ లిస్టు (ఆ రోజు కేసుల జాబితా) తీసుకుని ఒక పరువునష్టం కేసు సెమిస్టర్ పొడుగునా వెంటాడండి, వాయిదా వాయిదాకీ ఎందుకు వాయిదా పడిందో రాయండి అని. మొన్న ఒక అమ్మాయి పట్టుకొచ్చిన కేసు చూసి నేనే కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 223 ఉంది. ప్రైవేటు కంప్లయింటు మీద కాగ్నిజెన్స్ తీసుకునేముందు, అంటే విచారణకు స్వీకరించేముందు, ముద్దాయికి చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. పాత చట్టంలో అది లేదు. ఉత్త కంప్లయింట్లు గుమ్మంలోనే ఆగిపోతాయని నేను క్లాసులో మెచ్చుకున్న సెక్షన్. ఆ అమ్మాయి చూసిన కేసులో కంప్లయింటుకి సీసీ నంబరు ఇంకా పడలేదు. కేసు పుట్టలేదన్నమాట. విలేకరికి 223 నోటీసు మాత్రం వెళ్ళింది. దాని మీద అప్పటికే రెండు వాయిదాలు. రెండింటికీ అతను వచ్చాడు, ఫిర్యాది రాలేదు. ఆ అమ్మాయి రికార్డులో మార్జిన్‌లో "మేడమ్, ఈ హాజరు ఏ స్టేజి కింద రాయాలి?" అని రాసింది. నా పట్టికలో దానికి గడి లేదు. కొత్తది గీసి, వచ్చే సెమిస్టర్ వాళ్ళందరికీ అదే ఫారం ఇవ్వబోతున్నాను.